మామ కాంటెస్సాకు నేను చేసిన వైరింగ్

ముందే చెప్పేస్తున్నాను, ఇది నా పరువు పోయిన కథ. అప్పగింతల్లో బ్యాండు వాళ్లు తీన్మార్ కొట్టడం, వియ్యపురాలి కొప్పు మీద బంతిపూల దండ వచ్చి పడటం, వీధి వీధంతా వినేలా ఒక కారు ఆగకుండా మొత్తుకోవడం, ఇవన్నీ ఒకే పెళ్లిలో, పట్టుమని పది నిమిషాల్లో జరిగాయి. అన్నింటికీ బాధ్యుడు ఒక్కడే. లక్సెట్టిపేటలో పదో తరగతి పిల్లలకు విద్యుత్తు పాఠం చెప్పే సారు. ఆ సారు నేనే. మీరు ఇప్పటినుంచే నవ్వడం మొదలుపెట్టవచ్చు, మా ఇంట్లో వాళ్లు ఇంకా ఆపనేలేదు.

మా మామ బొగ్గుగనిలో కార్మికుల చేత పని చేయించే ఓవర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. మాట తక్కువ. మాట్లాడితే అది ఎవరికో ఒకరికి పని చెప్పడానికే. అలాంటి మనిషి జన్మలో చేసుకున్న షోకు ఒక్కటే, కాంటెస్సా కారు. బదిలీ మీద పోతున్న ఒక ఆఫీసరు దగ్గర కొన్నాడు. పొడుగు ముక్కు, వెడల్పు ఒళ్లు, రెండు గొంతుల హారన్. డ్యూటీ దిగి వస్తూ వీధి మలుపులో ఆయన ఆ హారన్ కొడితే, నా భార్య రమ, ఆమె చెల్లెలు స్రవంతి గేటు దగ్గరికి పరిగెత్తేవాళ్లట. స్రవంతిని అక్షరాభ్యాసానికి బాసర తీసుకుపోయింది కూడా ఆ కారులోనే. తర్వాత దానికి వయసు మీదపడి, మంచిర్యాలలో మామ ఇంటి వెనక రేకుల షెడ్డులో నిలబడిపోయింది. నేను అల్లుడినై వచ్చేసరికి వెనక సీట్లో కోడిపెట్టలు గుడ్లు పెడుతున్నాయి.

స్రవంతికి కరీంనగర్ సంబంధం ఖాయమైంది. పెళ్లి సామానుకు షెడ్డు కావాలి కాబట్టి కారును తుక్కు సామాను వాడికి ఇచ్చేస్తానన్నాడు మామ. స్రవంతి గొడవేమీ చేయలేదు. కంచంలో అన్నం కెలుకుతూ ఒక్క మాట అంది.

"అక్షరాభ్యాసానికి గా బండ్లనే తీస్కపోయినవ్ గద బాపూ. అత్తగారింటికి గూడ దాంట్లనే పోత."

మామ తల వంచుకుని తింటూనే ఉన్నాడు. నేను కూడా అలాగే నోరు మూసుకుని పప్పు కలుపుకుని ఉంటే ఈ కథే లేదు. బండిని నేను నడిచేటట్టు చేస్తానని ప్రకటించాను. మామ నన్ను తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూశాడు.

"పెండ్లి నాటికి నడిస్తే ఉంటది. నడువకుంటే తెల్లారి తుక్కుకు పోతది. బోర్డు మీద గీసుడు గాదు సారూ గిది."

అల్లుడిని సారూ అని పిలిచాడంటే మర్యాద ఇచ్చాడని అనుకోకండి. ఆయన ఆ మాట అనే తీరు వేరు.

వేసవి సెలవులు వచ్చాయి. పెళ్లి ఖర్చులు మీదుండగా పాత బండికి ఎవరు డబ్బిస్తారు? ఉన్నది నా జేబు ఒక్కటే, దాని పెత్తనం రమది. ఇంజను, బ్రేకులు మాత్రం రైల్వే గేటు అవతల ఉండే మెకానిక్ ఖాజా భాయ్‌కి అప్పగించాను. ఆ మాత్రం ప్రాణభయం నాకూ ఉంది. మిగతాదంతా సొంతం. సొట్టలు పడ్డ చోట గోడలకు కొట్టే పుట్టీ పెట్టి నున్నగా రుద్దాను. మొదటి గుంతలోనే తలుపు మీద పుట్టీ పెచ్చులు పెచ్చులుగా రాలింది. సీట్లకు మా ఇంటి పాత కర్టెన్లలో సగం తీసి కుట్టించాను. ఇప్పటికీ మా హాలు కిటికీకీ ఆ కారుకూ అన్నదమ్ముల పోలిక ఉంటుంది. రేడియేటర్ కారుతుంటే ఎవరో చెప్పారని అందులో గుప్పెడు పసుపు పోశాను. పెళ్లి పసుపు ముందుగా బండికే పడ్డదని అత్త సంబరపడింది.

ఇక వైరింగ్. పాత వైర్లను షెడ్డు ఎలుకలు ఎప్పుడో నమిలేశాయి. రంగురంగుల వైర్ల కట్ట తెచ్చుకొమ్మని, తానే కలిపిస్తానని ఖాజా భాయ్ అన్నాడు. సరిగ్గా అప్పుడే మా బడిలో తెలుగు సారు ఇల్లు కట్టుకుని, మిగిలిన వైరు చుట్ట ఒకటి నాకు ఉత్తగనే ఇచ్చాడు. చుట్ట మొత్తం నలుపే. అది చూసి ఖాజా భాయ్ తల పట్టుకున్నాడు.

"ఒక్కటే రంగు వద్దు సార్. రేపు ఏది ఏడికి పోయిందో తెల్వక పరేషాన్ అయితవ్."

కరెంటుకు రంగులు తెలియవు ఖాజా భాయ్ అని నవ్వాను. నిజమే, కరెంటుకు తెలియవు. కలిపేవాడికి తెలియాలి కదా. ఏటేటా బోర్డు మీద ఎర్ర సుద్దతో ఒక వైరు, పచ్చ సుద్దతో ఒక వైరు గీసి, ఈ రంగులు ఎందుకో పిల్లలు గుక్క తిప్పుకోకుండా చెప్పేదాకా వదలని మనిషిని నేను.

నా దగ్గరా ఒక ఉపాయం ఉంది. ప్రతి వైరు కొసకూ ఒక చీటీ అంటించాను. హారన్, ఎడమ దీపం, బ్రేకు దీపం, వైపర్ అని గుండ్రటి అక్షరాలతో రాశాను. అంటించడానికి టేపు కొనడం దండగ అనిపించింది. బడిలో చార్టులు అంటించడానికి చేసుకునే మైదా జిగురు ఉడికించాను, అత్త వంటింట్లో, అత్త పాలగిన్నెలో. వైర్లన్నీ బండి పొడవునా పరిచి, కొసలు కలిపే పని తర్వాత చూద్దామని, పెళ్లి పత్రికలు పంచడానికి ఆదిలాబాద్ వైపు వెళ్లాను.

మూడు రోజులకు తిరిగి వచ్చి చూస్తే వైర్లున్నాయి, చీటీలు లేవు. మైదా వాసనకు ఎలుకలు బంధుమిత్ర సపరివారంగా వచ్చి విందు చేసుకుని పోయాయి. ఒకే ఒక్క చీటీ సగం మిగిలింది. దాని మీద 'దీపం' అని ఉంది. ఏ దీపమో తిన్న ఎలుకకే తెలియాలి.

అప్పుడైనా ఖాజా భాయ్ దగ్గరికి పోవచ్చు. పోతే 'చెప్పిన గద సార్' అంటాడు. ఆ మూడు మాటలు పడటం ఇష్టం లేక అంచనా మీద కలిపేశాను. ఒక టార్చి బల్బు, రెండు బ్యాటరీలు పెట్టి ఏ వైరు ఏదో తేలిగ్గా కనుక్కోవచ్చు. అది ఎనిమిదో తరగతి పిల్లలకు నేనే చేయించే ప్రయోగం. అయితే నాకది పెళ్లయిన మర్నాడు గుర్తొచ్చింది.

పెళ్లికి రెండు రోజుల ముందు, మామ ఫంక్షన్ హాల్ ఏర్పాట్లకు పోయిన సమయం చూసి, రమను పక్కన కూర్చోబెట్టుకుని తాళం తిప్పాను. ఇంజను పలికింది. నా కళ్లు చెమర్చాయి. ఎడమ ఇండికేటర్ వేశాను, వైపర్లు ఊగాయి. హారన్ నొక్కాను, చప్పుడు లేదు. రమ దిగి చూసి, నొక్కినప్పుడల్లా వెనక ఎర్ర దీపాలు వెలుగుతున్నాయని చెప్పింది. ఆఖరికి బ్రేకు తొక్కాను. కారు రెండు గొంతులతో అరిచింది, కాలు తీసేదాకా.

సరిచేద్దామని ఒక వైరు కత్తిరిస్తే ఇంజనే ఆగిపోయింది. దాన్ని మళ్లీ బతికించేసరికి పొద్దు గూకింది. ఇక చెయ్యి పెట్టే ధైర్యం లేక, నాకు నేను ఒక సిద్ధాంతం చెప్పుకున్నాను. బ్రేకు వేసేవాడు ఎలాగూ హారన్ కొడతాడు, రెండు పనులూ ఒకే కాలితో అయిపోతున్నాయంటే అది సౌకర్యమే కదా. రమకు ఈ సిద్ధాంతం నచ్చలేదు.

"బాపుకు చెప్పినవా?"

"పెండ్లి అయినంక చెప్త."

పెళ్లి రోజు ఎవరూ లేవకముందే, బ్రేకు తొక్కకుండా నత్తనడకన బండిని హాలుకు చేర్చాను. పెళ్లి చక్కగా జరిగింది. మామ మాత్రం పొద్దున్నుంచి స్రవంతి మొహం చూడలేదు. నీళ్ల క్యాన్లు దించించాడు, కుర్చీలు వేయించాడు, వంటవాళ్ల మీద కేకలేశాడు. అప్పగింతల్లో బిడ్డ చెయ్యి వియ్యంకుల చేతుల్లో పెట్టి, పొడి కళ్లతో మళ్లీ కుర్చీల దగ్గరికే పోయాడు. స్రవంతి ఆయన పోయిన వైపే చూస్తూ కారెక్కింది. వాళ్ల ఇంటి ఆనవాయితీ ప్రకారం తండ్రి బిడ్డ వెంట పోడు, గేటు దగ్గరే ఆగిపోవాలి. తోడుగా రమ పోతుంది, బండి నేను నడపాలి. బాపు ఏడుస్తలేడు, గదే నాకు భయమైతుందని రమ నా చెవిలో అంది.

హాలు గుమ్మం నుంచి గేటు దాకా వాలు. బండి ముందర జనం. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నారు. నేను బండి కదిలించి, మెల్లగా పోనిద్దామని బ్రేకు మీద కాలు పెట్టాను.

కారు రెండు గొంతులతో రాగం ఎత్తుకుంది. ఏడుస్తున్న వాళ్లు ఉలిక్కిపడి ఏడుపు మరిచిపోయారు. గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ బ్యాండు వాళ్లు, అదేదో తమకు సైగ అనుకుని తీన్మార్ అందుకున్నారు. పెళ్లికొడుకు దోస్తులు ఆ దెబ్బ కోసమే కాచుకుని ఉన్నట్టు సరిగ్గా బండి ముందుకు వచ్చి ఎగరసాగారు. ఇప్పుడు కాలు తీస్తే బండి వాళ్ల మీదికి పోతుంది, తీయకపోతే హారన్ ఆగదు. వెనక సీటు నుంచి పెళ్లికొడుకు, మంచి పిల్లవాడు, ఎంతో మర్యాదగా ముందుకు వంగాడు.

"అన్నా, జర హారన్ మీదికెల్లి చెయ్యి తియ్యి."

"చెయ్యి గాదు తమ్మీ, కాలు."

అతనికేం అర్థమవుతుంది పాపం. పక్కకు జరగండని జనానికి తెలిపేందుకు కంగారులో ఇండికేటర్ వేశాను. వైపర్లు లేచాయి. అద్దం మీద కట్టిన బంతిపూల దండను ఎడమకొకసారి, కుడికొకసారి ఈడ్చి, మూడోసారి విసిరాయి. అది పోయి వియ్యపురాలి కొప్పు మీద, ఎవరో కొలిచి వేసినట్టు పడింది.

అప్పుడు కుర్చీల మధ్య నుంచి మామ వచ్చాడు. ఆయన నడక చూసి దోస్తులు తప్పుకున్నారు, బ్యాండు ఆగింది. ఆగనిది హారన్ ఒక్కటే. ఆయన నా కిటికీ దగ్గర వంగాడు.

"కాలు తియ్యి."

"తీస్తే బండి ఉరుకుతది మామా."

గతి, జడత్వం, ఘర్షణ గురించి పాఠాలు చెప్పే మనిషికి ఆయన చాలా నెమ్మదిగా చెప్పాడు.

"హ్యాండ్‌బ్రేక్ గుంజు సారూ."

గుంజాను. కాలు తీశాను. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో మామ బండి టాపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. పొద్దున్నుంచి మొదటిసారి వెనక కిటికీలోకి, స్రవంతి మొహంలోకి చూశాడు.

"నేను ఏడుస్తలేనని గిది ఏడ్సింది బిడ్డా," అన్నాడు.

స్రవంతి కిటికీలోంచి ఆయన మణికట్టు పట్టుకుంది. అంత పెద్ద మనిషి చంటిపిల్లాడిలా ఏడ్చాడు. నాకూ దుఃఖం ఆగలేదు. నేను చేసిన వెధవ పని ఆ క్షణంలో నాకు గుర్తు కూడా లేదు.

ఆయనకు గుర్తుంది. భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకుని నా వైపు తలుపు తీశాడు. దిగమన్నాడు. ఇట్లాంటి బండిని నీ చేతిలో పెట్టి నా బిడ్డను కరీంనగర్ దాకా ఎట్లా పంపాలన్నాడు. తండ్రి వెంట పోకూడదు కదా అని అత్త వెనక నుంచి గుర్తు చేసింది. మామ అప్పటికే సీట్లో కూర్చుని అద్దం సర్దుకుంటున్నాడు.

"అయ్యగ పోతలేను. డ్రైవర్‌గ పోతున్న."

కారు కదిలింది. గేటు దగ్గర ఒకసారి, మూలమలుపులో ఒకసారి, స్పీడ్ బ్రేకర్ మీద ఒకసారి మొత్తుకుంటూ దూరమైపోయింది. వియ్యపురాలు తమ బండి ఎక్కబోతూ, కొప్పు మీది దండ తీసి నా చేతిలో పెట్టింది. దాంతోనే అల్లుడినైన నాకు ఆ పెళ్లిలో మర్యాద పూర్తయింది.

తర్వాతి సంగతులు రమ చెప్పింది. గోదావరి వంతెన దాటేదాకా తండ్రీకూతుళ్లు ఏడ్చారట. అవతల ఒక బర్రెల మంద అడ్డం వచ్చి, బండి హారన్ ఆగకుండా మోగేసరికి ఇద్దరికీ నవ్వు మొదలై కరీంనగర్ దాకా ఆగలేదట. స్రవంతి అత్తగారి వీధి మలుపులో, అడ్డం పురుగు కూడా లేకున్నా, మామ గట్టిగా బ్రేకు తొక్కాడట.

బండి తుక్కుకు పోలేదు. ఖాజా భాయ్ ఆ మూడు మాటలూ తీరిగ్గా అని, రంగురంగుల వైర్లతో అంతా మళ్లీ చేశాడు. మామ ఒక్కటే షరతు పెట్టాడు, హారన్‌కు మాత్రం సారు వేసిన నల్ల వైరే ఉంచాలని. అది నాకు దక్కిన బిరుదో, వేసిన శిక్షో ఇప్పటిదాకా అడగలేదు.

మొన్న మామ ఫోన్ చేశాడు. స్రవంతి కూతురికి అక్షరాభ్యాసమట, అదే కారులో అందరం బాసర పోవాలట. ఆదివారం వచ్చి బండి కడిగి పెట్టమన్నాడు. వైర్ల జోలికి మాత్రం పోవద్దని రెండుసార్లు చెప్పాడు.

కాబట్టి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకముందు ఒకే రంగు వైరు ఉత్తగా వచ్చినా ముట్టను. మైదా పిండిని పూరీలకు తప్ప వాడను. అన్నం తినేటప్పుడు ఎవరేం కోరుకున్నా నోరు తెరవను. బాసర పోయి వచ్చేదాకా ఆ కారులో చేతులు కట్టుకుని, ముఖ్యంగా కాళ్లు ముడుచుకుని, వెనక సీట్లోనే కూర్చుంటానని మా హాలు కర్టెన్ల మీద ఒట్టు.