నాకు సుత్తి, బావకు కప్పగుడ్లు

దెయ్యాలూ మాయలూ ఉన్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. మా బావ చెప్పే మాటలనే నమ్మను, ఇంక దెయ్యాలనేం నమ్ముతాను? అయినా తాల్‌బగీచాలోని మా ఇంటి హాల్లో, పట్టపగలు, ఆదివారం భోజనాలయ్యాక జరిగినదాన్ని మాత్రం కాదనలేకపోతున్నాను.

మా హాల్లో ఉప్పునీటి అక్వేరియం ఉంది. చేపలు రెండే. మిగతావన్నీ పగడాలు, ప్రాణమున్నవి. దాన్ని పెట్టిన మొదటిరోజే మా అక్క మొగుడు మా ఊళ్ళోనే ఉన్న పూరీ గేట్ నుంచి వచ్చి, అందరి ముందూ, "ఏటిరా బామ్మర్దీ, ప్లాస్టిక్ పువ్వులు తెచ్చి నీళ్ళల్లో ఎట్టినావు?" అన్నాడు. ఆ రోజు ఆయన వేసుకున్నది నీలం గళ్ళచొక్కా. నేను మరిచిపోయే మనిషిని కాను.

ఆయన లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత ఫోన్‌లో వీడియోలు చూసి, నాకే పగడాల పాఠాలు మొదలుపెట్టాడు. చివరికి ఒక పగడం దగ్గర గొడవొచ్చింది. కోల్‌కతా దుకాణంలో దాన్ని హ్యామర్ అని చెప్పి ఇచ్చారు. రాతికొమ్మ మీద మెత్తటి వేళ్ళలాంటివి విచ్చుకుంటాయి. వేలి కొస సుత్తిలా అడ్డంగా ఉంటే హ్యామర్. గుండ్రటి బుడిపెలు గుత్తులుగా ఉంటే ఫ్రాగ్‌స్పాన్, అంటే కప్పగుడ్లు. ముడుచుకున్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి. విచ్చుకున్నాక చిన్నపిల్లలు కూడా తేడా చెప్పగలరు.

నాకు సుత్తులు స్పష్టంగా కనిపించేవి. బావ కప్పగుడ్లనేవాడు.

కళ్ళ విషయంలో ఇద్దరం తగ్గేవాళ్ళం కాదు. ఆయన కళ్ళను రైల్వే ఏళ్ళ తరబడి పరీక్షించింది. నేను విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఒక ఫ్యాక్టరీలో, తయారైన సరుకులో లోపాలు పట్టే పని చేస్తాను. మా అక్క ముందు ఆయన నోటితోనే "నువ్వే రైటు" అనిపించాలని పట్టుబట్టాను. ప్లాస్టిక్ పువ్వుల మాటకు అంతకన్నా తక్కువైతే ఊరుకోను.

ఆయనే ఒక పద్ధతి చెప్పాడు. ఇంజన్‌లో డ్రైవరూ అసిస్టెంటూ సిగ్నల్‌ను ఎవరికి వారు చూసి పైకి చెప్పాలట. ఒకరన్నారని రెండోవారు అనకూడదు, తన కంటికి కనిపిస్తేనే అనాలి. మాట కలవకపోతే ఎర్రదీపమనే అనుకోవాలి.

"ఎనకాల బండినిండా జనం ఉన్నారనుకుని సెప్పు," అన్నాడు.

కుర్చీలేసుకుని పక్కపక్కన కూర్చున్నాం. పగడం పూర్తిగా విచ్చుకుని ఉంది.

"హ్యామర్!" అన్నాను.

"కప్పగుడ్లు!" అన్నాడు.

కుర్చీలు మార్చుకున్నాం. అవే మాటలు. నా ఫోన్‌తో ఫోటో తీసి దాన్ని చూశాం. అవే మాటలు. అక్కను పిలిచి అడిగితే, "నాకు సేమ్యాలాగ కనపడతంది. తినడానికి పనికిరాని దానికి ఇంత పేచీ ఏటి?" అని వంటింట్లోకి పోయింది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం చర్చి నుంచి రావడం, తినడం, ఇదే పని.

ఇంతలో బావకు కంట్లో శుక్లం ఉందన్నారు. నాకు పండగైంది. "సూసినావా బావా, తప్పు నీ కంటిది!" అని ఆపరేషన్‌కు నేనే వెంట వెళ్ళాను. జాలిపడలేదు. పళ్ళు మాత్రం పట్టుకెళ్ళాను.

కన్ను కుదుటపడ్డాక ఒక ఆదివారం వచ్చాడు. సాక్షిగా అక్కను కూర్చోబెట్టాను. బావ చాలాసేపు చూశాడు.

"హ్యామర్," అన్నాడు మెల్లగా. తర్వాత అక్క వైపు తిరిగి, "ఈడిదే రైటు. ఇన్నాళ్ళూ నానే తప్పు సూసినాను," అన్నాడు.

నేను ఏళ్ళుగా కాచుకుని కూర్చున్న మాట! దర్జాగా అక్వేరియం వైపు తిరిగాను.

వేళ్ళ కొసల్లో గుండ్రటి బుడిపెలు. గుత్తులు గుత్తులుగా. సుత్తి ఒక్కటీ లేదు.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. "సెప్పవేటి? సిగ్నల్ దగ్గరికొచ్చీసింది," అన్నాడు బావ.

హ్యామర్ అనేస్తే సరిపోయేది. కానీ బండినిండా జనం ఉన్నారు.

"కప్పగుడ్లు," అన్నాను.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మీ ఇద్దరికీ పడదని నీళ్ళల్లో ఉన్నదానికి కూడా తెలిసిపోయినాది!" అంది. బావ కొత్త కంటి నీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

ఫోన్‌లో పాత ఫోటోలు తీశాం. నేనే తీసి, సుత్తులని నేనే చూసిన ఫోటోలు. ఇప్పుడు అన్నిట్లోనూ నాకు కప్పగుడ్లే. అవే ఫోటోల్లో బావకు సుత్తులు. ఆయన కన్ను బాగుపడిందనుకుందాం, నా కళ్ళను ఎవరూ ముట్టుకోలేదే! వెళ్ళి పరీక్ష చేయించుకున్నాను. ఏ లోపమూ లేదన్నారు.

ఇదెలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. పగడం మాత్రం హాయిగా పెరిగి ఇంకో కొమ్మ వేసింది. ఆదివారం ఆదివారం కుర్చీలేసుకుని పైకి చెబుతూనే ఉన్నాం. ఒక్కసారీ మాట కలవలేదు.

దానికన్నా నన్ను తినేస్తున్నది వేరే. నేను రైటని బావ ఒప్పుకున్న క్షణంలో నాకు కనిపిస్తున్నవి కప్పగుడ్లు. మరి ఆ ఒప్పుకోలు చెల్లుతుందా? చెల్లదని బావ అంటాడు. చెల్లుతుందనే నేనంటాను.