సమ్సోను దువ్వెన

దయ్యాల మాటెత్తితే నాకు నవ్వొచ్చేది. నాచారంలో మందుల కంపెనీలో ఇరవై ఏళ్లు రాత్రి షిఫ్టులు చేసినవాణ్ణి, ఒక్కసారి కూడా ఉలిక్కిపడలేదు. ఇప్పటికీ దయ్యమని అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఉప్పల్‌లో మాది రెండు గదుల ఇల్లు. నా భార్య మేరీ సైనిక్‌పురిలో ఒకరింట్లో వంట చేసేది. వాళ్లు ఊరు మారుతూ తమ మెయిన్ కూన్ అనే విదేశీ జాతి పిల్లిని ఆమెకిచ్చి పోయారు. మేకపిల్లంత ఉండేది. మెడ చుట్టూ జూలు, చెవుల కొసల్లో కుచ్చులు, చీపురు లాంటి తోక. అంత ఒళ్లున్నా అరుపు మాత్రం పిచ్చుక కిచకిచే. ఒడిలో కూర్చునేది కాదు గానీ, మేరీ ఏ గదిలో ఉంటే ఆ గదిలో ఉండేది. బైబిల్లో బలమంతా జుట్టులోనే ఉన్న సమ్సోను పేరు పెట్టింది దానికి.

రోజూ దువ్వకపోతే ఆ జుట్టు అట్ట కడుతుంది. మేరీ పొద్దున్నే స్టీలు దువ్వెనతో దువ్వేది. రాలిన వెంట్రుకలు వేలికి చుట్టి, ఉండ చేసి, తన జుట్టుకు చేసినట్టే మూడుసార్లు థూ థూ అని కిటికీ ఊచల సందులో దోపేది.

"వెంట్రుకలు కొనేటోడు పిల్లివి గూడ తీస్కుంటడా?" అని ఏడిపించేవాణ్ణి.

"నీ బట్టతలకు అతికిస్త తియ్," అనేది.

జ్వరంతో దవాఖానాలో పడ్డాక ఆమె నన్ను అడిగింది ఒక్కటే. "వానికి రోజు దువ్వు. గొరిగియ్యకు, పాపం." సరేనన్నాను. నాలుగో రోజు పోయింది.

శవపెట్టెలో ఆమె బైబిలుతో పాటు ఆ దువ్వెన కూడా పెట్టేశాను. అందరూ ప్రేమ అనుకున్నారు. నిజానికి ఆ పని నా మెడకు చుట్టుకోకూడదనే పెట్టాను.

సమ్సోను మంచం కింద దూరాడు. చెయ్యి పెడితే రక్కేవాడు. తిండి తగ్గింది. నెల దాటేసరికి ఒళ్లంతా అట్టలు. ఏఎస్ రావు నగర్ పశువుల డాక్టరు ఇంటికొచ్చి చూసి, "తోలు పుండైతున్నది అన్నా, మత్తిచ్చి గొరుగుడే. రేపు తీస్కరా," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం, పిల్లిని తీసుకెళ్లడానికి మూత బుట్ట అడుగుదామని పక్క వీధికి వెళ్లాను. తాళం వేసే వెళ్లాను. ఆ తాళానికి ఉన్నది ఒకటే తాళంచెవి, అది నా జేబులోనే ఉంది. అరగంటలో తిరిగొచ్చాను.

సమ్సోను కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒక్క చిక్కు లేదు. జూలు ఆమె దువ్వినట్టే రెండు పాయలుగా తీసి ఉంది. ఊచల సందులో వెంట్రుకల ఉండ. పట్టుకుంటే తడిగా తగిలింది.

మేరీ, మేరీ అని పిలిచాను. గది గదీ వెతికాను. పిల్లి వాకిలి వైపు చూసి కిచకిచమంది, అంతే.

ఆ తర్వాత నేను చేసింది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కొత్త దువ్వెన కొన్నాను గానీ దువ్వలేదు. మళ్లీ చిక్కులు పడితే మళ్లీ వస్తుందని ఆశ. రోజూ మధ్యాహ్నం తాళం వేసి అరగంట వీధిలో నిలబడేవాణ్ణి. చివరికి డాక్టరే గొరిగాడు. బక్కచిక్కిన సమ్సోను మళ్లీ మంచం కిందికి పోయాడు.

ఆ ఉండ ఇంకా కిటికీలోనే ఉంది. ఆ రోజు ఎవరు దువ్వారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మళ్లీ ఎందుకు రాలేదో మాత్రం తెలుసు. ఈసారి దువ్వెన నా దగ్గరే ఉంది.