పేడు తీసి చూడని దుంగ

ఆగస్టు తొమ్మిది, శనివారం, సిడ్నీ శివారు ఎడ్మండ్‌సన్ పార్క్. ఉన్నవారు: నేను, మా అమ్మాయి, అల్లుడు, మనవరాలు, ఇల్లు కడుతున్న కంపెనీ తాలూకు సూపర్‌వైజరు. మా ఆవిడ మోకాళ్ల నొప్పివల్ల రాలేదు. చలిగాలి.

మొన్నటి నా డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. యాభై ఏళ్లకు పైగా ఏ పేజీ అయినా తారీఖుతోను, అక్కడ ఉన్నవారి వరసతోను మొదలుపెట్టడం నాకు అలవాటు; కలప డిపోలో ఉద్యోగం చేసినవాడికి ఏ దుంగను ఎవరెదుట కొలిచామో రాసుకోకపోతే అన్నం సహించదు. అయితే మొన్న ఆ నాలుగు మాటల తర్వాత నేనేమీ రాయలేకపోయాను. కలం పట్టుకుని కూర్చోవడం, లేచి కిటికీ దగ్గరికి వెళ్లడం, మళ్లీ వచ్చి కూర్చోవడం, ఇదే సరిపోయింది. ఈ తిరుగుడు నా ఈడువారికి కొత్తదేమీ కాదు కాబట్టి, డైరీలో రాయలేనిది మీతో చెప్పుకుంటున్నాను.

మా అమ్మాయి వాళ్ల కొత్త ఇంటికి ఆ వారమే చట్రం లేచింది. ఇక్కడ ముందు నేలమీద సిమెంటు పలక పోసి, దానిమీద పైన్ కర్రతో ఇంటి ఎముకల గూడు మొత్తం నిలబెట్టి, ఆ తర్వాతగానీ చుట్టూ ఇటుక పేర్చరు. చెద పట్టకుండా మందు పెట్టడంవల్ల ఆ కర్రంతా లేత నీలంగా ఉంటుంది. మన వైపు ద్వారబంధం ఎత్తే రోజంటే ముహూర్తం చూసి, గడప కింద నవధాన్యాలు వేసి, వడ్రంగి మేస్త్రికి కొత్త బట్టలు పెట్టి, చుట్టాలందరికీ భోజనాలు పెట్టేవాళ్లం. ఇక్కడ ఆ పనే విడిగా లేదు. గోడల చట్రాలతోపాటు గుమ్మం ఖాళీ కూడా లారీలో వచ్చేస్తుంది. అయినా మా అమ్మాయి పట్టుబట్టి సూపర్‌వైజరును ఒప్పించి, ఆ ఖాళీకి రెండు పక్కలా పసుపు రాసింది. నీలం మీద పడిన పసుపు కాస్తా ఆకుపచ్చగా తేలింది. ఇన్నేళ్ల తన సర్వీసులో ఆకుపచ్చ గుమ్మం ఇదే మొదటిదని సూపర్‌వైజరు నవ్వాడు.

మనవరాలికి పదేళ్లు. ఆదివారాలు పొద్దున్న దగ్గర్లోని కమ్యూనిటీ హాలులో తెలుగు తరగతికి వెళుతుంది. ఇంట్లో వినిపించే ఒక తెలుగు మాట తీసుకుని దాని అర్థం, పుట్టుక చెప్పమని ఆ వారం టీచరు పని ఇచ్చింది. నా డిపో కబుర్లు విని విని ఉందేమో, ఆ పిల్ల కలప అనే మాట ఎంచుకుని, అట్టమీద పెద్ద అక్షరాలతో రాసి రంగులు కూడా వేసింది. ఆ నీలి కర్రల మధ్య నిలబడి ఫోనులో చూసి, ఇంగ్లీషు టింబర్‌కు పూర్వకాలంలో ఇల్లు అనే అర్థం ఉండేదట, తర్వాత తర్వాత అదే మాట ఇల్లు కట్టే కర్రకు వచ్చిందట అని మాకందరికీ చదివి చెప్పింది. నేనూ ఊరుకోక, టీక్ అనే మాట మన దక్షిణాది టేకు నుంచే సముద్రం దాటి వెళ్లిందని ఎప్పుడో చదివిన సంగతి ఇంగ్లీషులోనే చెప్పాను. సూపర్‌వైజరు తల ఊపి గుడ్ ఆన్ యూ, మేట్ అన్నాడు. నేను ఆ ఊపులో ఉండగానే మనవరాలు నా వైపు తిరిగింది.

"మరి కలప ఎక్కణ్నుంచి వచ్చింది తాతయ్యా? యూ వర్క్‌డ్ విత్ ఇట్ యువర్ హోల్ లైఫ్."

ముప్పై నాలుగేళ్లు ఆ మాటను రోజూ రాశాను. రిజిస్టరు అట్టల మీద, రబ్బరు స్టాంపుల్లో, డిపో గేటు బోర్డు మీద రోజూ చూశాను. అది ఎక్కడిదని ఒక్కనాడూ ఆలోచించలేదు. ఆ మాటే ఒప్పుకుంటే సరిపోయేది. కానీ అల్లుడు వింటున్నాడు, సూపర్‌వైజరు చూస్తున్నాడు. కలపడం నుంచే కలప వచ్చిందమ్మా, కర్రను కర్రతో కలిపితేనే ఇల్లు కదా, మా పెద్దలు చెప్పేవారు అని తడుముకోకుండా చెప్పేశాను. ఏ పెద్దలూ చెప్పలేదు. అప్పటికప్పుడు నోటికి తట్టింది. ఆ పిల్ల గుమ్మానికి ఆనుకుని నోటుబుక్కులో రాసుకుని, చెప్పినవారు తాతయ్య, ముప్పై నాలుగేళ్ల అనుభవం అని ఇంగ్లీషులో చేర్చి, కింద గీత కూడా గీసింది.

ఇంటికి వచ్చాక నాకు నిలకడ లేదు. ఇంటర్నెట్టులో దొరికిన నిఘంటువులు తిరగేశాను. ఇళ్లు కట్టేందుకు పనికొచ్చే కర్ర అని అర్థం చెప్పినవే తప్ప, మాట ఎక్కడ పుట్టిందో తేల్చినవి నాకు కనబడలేదు. తమిళంలో నాగలిని కలప్పై అంటారని తెలుసు. దానికీ దీనికీ చుట్టరికం ఉందో లేదో తెలియదు. నా మాట నిజమే అయి ఉండవచ్చు కూడా. కానీ నాకు తెలియదు. హాలులో ఆ చివరినుంచి ఈ చివరికి తిరుగుతుంటే మా ఆవిడ మందలించింది.

"ఏవిటండీ ఆ తిరుగుడు? కార్పెట్టు అరిగితే ఈ అద్దింటి ఓనరుకి మీరే చెప్పుకోండి."

సంగతి చెబితే మా అమ్మాయి, చిన్నపిల్లల క్లాసు నాన్నా, ఎవరు పట్టించుకుంటారు, వదిలేయండి అంది. వదిలేసేవాణ్ని. కానీ సరిగ్గా అదే గొంతుతో, అంతే తడుముకోకుండా, అంతకుముందు ఒకసారి మాట్లాడి ఉన్నాను.

నా ఇరవై రెండో ఏట, గోదావరి ఒడ్డున ఉన్న కలప డిపోలో నన్ను పనిలో పెట్టించింది మా మేనమామ. ఆయన అక్కడ పెద్ద కొలతదారు. ఎగువనుంచి దుంగల్ని తెప్పలుగా కట్టి నదిమీద దించేవారు. ఒడ్డుకు లాగిన ప్రతి దుంగ చివరా చిన్న గొడ్డలితో పల్చటి చెక్క పేడు తీసి, తడిపి, రంగు చూసి, వాసన చూసి, అప్పుడే దాని జాతి పేరు రిజిస్టరులో రాయాలనేది మామయ్య నియమం. పచ్చి టేకు పేడుకు తోలు వాసనలాంటిది ఒకటి ఉంటుంది. ఇప్పటికీ తలుచుకుంటే ముక్కుకు తగులుతుంది. ఆ రిజిస్టరులో ఒకసారి పేరు పడితే ఇక దానికి తిరుగులేదు, ఊళ్లో ఎవరూ మళ్లీ ప్రశ్నించేవారు కారు.

ఒక శ్రావణమాసంలో, ఎడతెగని వర్షంలో ముప్పై ఒక్క దుంగలు వచ్చాయి. ముప్పై దుంగలకు పేడు తీశాను. చివరిది బురదలో సగం కూరుకుపోయి ఉంది. నా చెప్పులు అప్పటికే ఆ బురదలో పోయాయి, ఒళ్లంతా తడిసి వణుకుతున్నాను. పక్కవన్నీ టేకే కదా అని దాన్నీ టేకు అని రాసేశాను. అది గుమ్మడి టేకు. పేరులో టేకు ఉన్నా అది వేరే చెట్టు, తేలిక కర్ర.

ఆ దుంగే తిరిగి తిరిగి మా పెద్దమ్మ కొత్త ఇంటి వీధి గుమ్మానికి వెళ్లింది. మా కుటుంబాలన్నిటికీ గుమ్మాలు, మంచాలు చేసే వడ్రంగి మేస్త్రి ఒకాయన ఉండేవాడు. ఆయన బాడిసతో రెండు దెబ్బలు వేయగానే ఇది టేకు కాదమ్మా అని పెద్దమ్మతో చెప్పాడు. పెద్దమ్మ కంగారుపడి తమ్ముడికి, అంటే మామయ్యకి, కబురు పెట్టింది. అప్పటికే దుంగ చివరలు కోసేయడంతో ఏ దుంగో గుర్తుపట్టడానికి డిపోలో సుత్తితో కొట్టిన ముద్ర ఉన్న ముక్క పొయ్యిలోకి పోయింది. మామయ్య నన్నూ మేస్త్రినీ డిపో షెడ్డులో పదిమంది ఎదుట నిలబెట్టి ముందు నన్ను అడిగాడు.

"పేడు తీసి చూశావుట్రా?"

"చూశాను మామయ్యా."

మామయ్య మేస్త్రి వైపు తిరిగాడు. "మావాడు చూసి రాశాడు. మా గేటు దాటినప్పుడు అది టేకు. నీ చేతికొచ్చాక మారిందంటే ఏవనుకోమంటావు?"

మేస్త్రి నా వైపు చూశాడు. ఆయన చూపు ఇప్పుడు గుర్తుకు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తే కోపమేమీ కనబడదు. నేను ఇంకేమైనా అంటానేమోనని కాసేపు ఆగాడంతే. నేను అనలేదు. బాడిస తుడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. పెద్దమ్మ గుమ్మం వేరొకరు చేశారు. మంచి దుంగ మార్చేశాడన్న మాట పాకి, ఊళ్లో ఇంకో నాలుగైదు ఇళ్లవాళ్లు కూడా ఆయన్ని పిలవడం మానేశారు. ఆ ఏటి డైరీ నాతోపాటు సిడ్నీ వచ్చింది. శనివారం మధ్యాహ్నం పెట్టెలోంచి తీసి చూశాను. వర్షం, తెప్ప దిగింది, ముప్పై ఒక్క దుంగలు, అన్నీ టేకు అని ఉంది. షెడ్డులో జరిగిన రోజు పేజీలో పెద్దమ్మ ఇంట్లో భోజనం అని మాత్రం ఉంది. ఉన్నవారి వరస కూడా రాయలేదు.

సాయంత్రం మనవరాల్ని భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, కలప గురించి నేను చెప్పింది నా ఊహ మాత్రమేనని, పెద్దలెవరూ చెప్పలేదని చెప్పాను. ఎందుకు చెబుతున్నానో అర్థం కావాలి కాబట్టి మేస్త్రి సంగతీ చెప్పాను. అట్ట మీద నా మాటలు అప్పటికే జిగురుతో అంటించేసింది. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది.

"సో యూ జస్ట్ మేడ్ ఇట్ అప్."

అవునన్నాను. చాలాసేపు అట్ట అంచు గోటితో గీకుతూ కూర్చుంది. తర్వాత, కలప సంగతి వదిలేసి, "ఆయనకి చెప్పావా తాతయ్యా?" అంది. ఆయన పోయి చాలా కాలమైందన్నాను. "హిస్ కిడ్స్?" అంది. తెలియదన్నాను. అట్ట తీసుకుని గదిలోకి వెళ్లిపోయింది. మా చెల్లెలి కొడుకు ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉన్నాడు. మేస్త్రి తాలూకు వాళ్లెవరైనా ఉంటే నంబరు పంపమని వాడికి మెసేజి పెట్టాను.

మర్నాడు పొద్దున్న, ఆదివారం, తరగతికి నేనూ వెళ్లాను. అట్టమీద నా మాటలు ఉన్నచోట తెల్లకాగితం అంటించి ఉంది. మనవరాలు ముందుకు వెళ్లి నిలబడి, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ, "కలప అంటే ఇల్లు కట్టే కర్ర. అది ఎక్కణ్నుంచి వచ్చిందో మా తాతయ్యకి తెలీదు. ముందు తెలుసన్నాడు. తర్వాత తెలీదన్నాడు" అంది. పిల్లలు నవ్వారు. టీచరు, ఎవరికీ సరిగ్గా తెలియని మాటలు చాలా ఉన్నాయమ్మా అంటూ చప్పట్లు కొట్టించింది. మా కాలంలో అయితే తాతకు తెలియదని పదిమందిలో చెప్పిన పిల్లకు వీపు చిట్లేది. ఆ షెడ్డులో మా మామయ్యను ఒక్కరు, ఒకే ఒక్కరు, నీకెలా తెలుసని అడిగి ఉంటే బాగుండేదని ఆ వెనక బెంచీమీద కూర్చుని అనుకున్నాను.

నంబరు వచ్చింది. అది మేస్త్రి కూతురిది. మునిసిపల్ స్కూల్లో టీచరు చేసి రిటైరైందట. కారు పార్కింగులో నిలబడి ఫోను చేశాను. అక్కడ ఇంకా తెల్లవారుతున్న వేళ. నేనెవరో చెప్పుకుని, మా పెద్దమ్మ గుమ్మానికి వెళ్లిన దుంగను పేడు తీయకుండానే టేకని రాశానని, షెడ్డులో అబద్ధం చెప్పానని, ఆవిడ తండ్రి చెప్పిందే నిజమని, ఎక్కడా ఆగకుండా చెప్పేశాను. ఫోను కట్ అయిందేమోనని చూసుకున్నాను.

"మాకు ఈ సంగతేం తెలీదండి," అందావిడ. "నాన్న ఎప్పుడూ చెప్పలేదు. మమ్మల్ని బడికి మాత్రం మీ పెద్దమ్మగారి వీధిలోంచి తీసుకెళ్లేవారు కాదండి. చెరువుగట్టు మీంచి చుట్టూ తిప్పి తీసుకెళ్లేవారు. ఎందుకు నాన్నా అంటే, ఆ వీధిలో నీడ లేదమ్మా అనేవారు."

ఆ తర్వాత ఆవిడ, ఇప్పుడైతే నిజంగానే లేదులెండి, రోడ్డు వెడల్పు చేసి చెట్లన్నీ కొట్టేశారు అంది. ఉంటానండీ అని పెట్టేసింది.

ఆ వీధిలో రెండు వైపులా వేపచెట్లుండేవి. మిట్టమధ్యాహ్నం కూడా కాళ్లు కాలేవి కావు. పెద్దమ్మ ఇంటికి భోజనానికి ఆ నీడలోనే పదకొండేళ్లు నడిచాను.