కొత్త చేప వచ్చిన ఇంట్లో గంట మోగలేదు

మా చిన్నప్పుడు... తొండుపల్లిలో మా ఇంటి బావిలోకి బాపు కొత్త చేపను వదిలిన రోజు, ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు.

ఎండాకాలంలో బావి పూడిక తీయించాక, పెద్ద కొర్రమట్ట చేపను గంగాళంలో తెచ్చి నీళ్ళలోకి వదిలేవాడు. పురుగూ పుట్రా తిని తాగే నీళ్ళను శుభ్రంగా ఉంచుతుందని. ఆ చేపను ఎవరూ వండుకోరు. అమ్మ బావి గట్టుకు పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టేది. రెండు రోజులు బొక్కెన వేయకూడదు. కావలసిన నీళ్ళు ముందే తోడి కాగుల్లో నింపుకునేవాళ్ళం. గిరక చప్పుడు కూడా వినపడకూడదు...

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఆగలేక తొంగి చూశాను. చేప పైకి వచ్చి, నోరు తెరిచి గాలి మింగి, మళ్ళీ మునిగింది. కాసేపటికి మళ్ళీ అదే... ఊపిరాడక చస్తోందనుకున్నాను. కాపాడాలని బొక్కెన వదిలాను!

అది దభీమని నీళ్ళ మీద పడగానే చేప ఎగిరి బావి రాళ్ళకు కొట్టుకుంది. తర్వాత పక్కకు ఒరిగి, కదలకుండా తేలింది.

నా కేకకు బాపు ఉరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను. తాడు మాత్రం నా చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు.

"సావలేదు బిడ్డా... గాలి మింగుడు దాని అలవాటే. జాగ కొత్త, నీళ్ళు కొత్త. బెదిరింది. జర దాని మానాన దాన్ని ఇడిసిపెట్టు."

బావి మీద తాటాకు చాప కప్పాడు. సాయంత్రం చాప జరిపి చూస్తే చేప నీళ్ళలో తిరుగుతోంది.

ఇదంతా ఎప్పుడో మరిచిపోయాను... మొన్నటి సోమవారం దాకా.

ఇప్పుడు మేం శంషాబాద్‌లో ఉంటున్నాం. మనవరాలి ఆరో పుట్టినరోజుకని మా అబ్బాయి పెద్ద గాజుతొట్టీ, అందులో జానెడు పైన పొడుగున్న ఆస్కార్ చేపనూ తెచ్చాడు. పాప దానికి లడ్డూ అని పేరు పెట్టింది. ఈశాన్యంలో నీళ్ళుంటే మంచిదని, తొట్టిని దేవుడి మందిరం పక్కనే పెట్టించింది నేనే.

వచ్చిన రోజు నుంచీ లడ్డూ మేత ముట్టలేదు. మూలకు నక్కింది. రంగు నల్లబడింది. దిష్టి తగిలిందేమోనని ఉప్పూ మిరపకాయలూ దిగదీశాను. రోజూ హారతి దానికి కూడా చూపించాను. గంటను దాని దగ్గరగా, కాస్త గట్టిగానే మోగించాను... దేవుడు చల్లగా చూడాలని.

సోమవారం పొద్దున అలాగే గంట మోగించానో లేదో... దభేల్‌మని గాజుకు కొట్టుకుంది! నీళ్ళు చిమ్మి నా మొహం తడిసింది. దీపం ఆరిపోయింది. చూసేసరికి లడ్డూ తొట్టి అడుగున పక్కకు పడి ఉంది.

కోడలిని కేకేశాను. దేవుడి ముందర, నా పూజలోనే ఒక ప్రాణం పోయిందే అని...

వంటింట్లోంచి కోడలు ఉరికొచ్చింది. "అయ్యో అత్తమ్మా, సచ్చిపోయిందా ఏంది? పాప బడి నుంచి వస్తే ఏం చెప్పాలె?"

"నానమ్మా, లడ్డూను జర చూసుకో" అని పొద్దున నాకే అప్పజెప్పి పోయింది పిల్ల.

మాకు చేపనమ్మిన రాజేంద్రనగర్ దుకాణం ఆయనకు కోడలు ఫోన్ చేసింది.

"మొప్పలు ఆడుతున్నయా చూడండమ్మా" అన్నాడాయన.

వంగి చూశాం. ఆడుతున్నాయి... మెల్లగా.

"ఇగ పరేషాన్ గాకండి. అది సచ్చిపోలే, అలిగింది. గీ పెద్ద చేపలు కొత్త జాగకు వస్తే గిట్లనే బెదిరి పక్కకు పండుకుంటయి, మేత ముట్టవు. లైటు బంద్ చేసి బట్ట కప్పండి. సాయంత్రం నేనొచ్చి నీళ్ళు గూడ చూస్త. పక్కన ఏమన్నా సప్పుడైతున్నదా? టీవీ గిట్ల?"

కోడలు నా చేతివైపు చూసింది. గంట ఇంకా నా చేతిలోనే ఉంది.

"టీవీ లేదు భాయ్... మా అత్తమ్మ గంట ఉన్నది."

"అరే! దాని నెత్తిమీదనే గుడి కట్టిన్రా అమ్మా!"

కోడలు నవ్వాపుకోలేకపోయింది. నాకు మాత్రం ఒక్కసారిగా ఆ బొక్కెన చప్పుడు వినిపించింది... అప్పుడూ కాపాడాలనే బొక్కెన వేశాను. ఇప్పుడూ కాపాడాలనే గంట కొట్టాను.

నా పాత నేతచీర తెచ్చి తొట్టికి కప్పాను. పెళ్ళయినప్పటి నుంచీ గంట లేకుండా ఒక్క పూట పూజ చేయలేదు నేను. అది మా అమ్మ ఇచ్చిన గంట. దాన్ని బట్టలో చుట్టి అల్మారాలో పెట్టాను. తప్పయితే మన్నించు సామీ అనుకున్నాను.

పాప బడి నుంచి రాగానే దాచకుండా చెప్పాను. "లడ్డూ నా గంటకే బెదిరింది బిడ్డా." ఏడుస్తుందనుకున్నాను. పెదవుల మీద వేలు పెట్టుకుని, మునివేళ్ళ మీద నడిచి వెళ్ళి తొట్టి పక్కన కూర్చుంది. అప్పుడే మా ఇంటి మీదుగా విమానం పోతుంటే, తల పైకెత్తి దానికి కూడా "ష్..." అని చెప్పింది.

సాయంత్రం దుకాణం ఆయన వచ్చి నీళ్ళు చూసి బాగానే ఉన్నాయన్నాడు. అయినా లడ్డూ లేవలేదు. మంగళవారమూ అంతే. గురువారం పొద్దున చీర అంచు ఎత్తి చూసిన పాప నా కొంగు లాగింది. లడ్డూ నిటారుగా నిలబడి, పాప వేలు ఎటు పోతే అటు వస్తోంది!

ఒక్క చేప వస్తే ఇంటిల్లిపాదీ గుసగుసగా మాట్లాడుకున్న ఆ ఇల్లు ఇప్పుడు లేదు. మా బావిని పూడ్చిన చోట రోడ్డు పోతోంది. బాపూ లేడు. కొత్తగా వచ్చిన ప్రాణానికి కాస్త నిశ్శబ్దం ఇవ్వాలని నేర్పిన ఇంట్లో పెరిగి కూడా, నేనే ఎలా మరిచిపోయానో...

గంట ఇంకా అల్మారాలోనే ఉంది. హారతి వేళకు చెయ్యి అటే పోతుంది. లడ్డూ నావైపే చూస్తుంటుంది... చెయ్యి వెనక్కి తీసుకుని, రెండు చేతులూ జోడిస్తాను.

మీ ఇంటి బావిలోనూ చేప ఉండేదా? దాన్ని వదిలిన రోజు మీ ఇంట్లో ఏం చేసేవారు? చెప్పండి... మా పాపకు చదివి వినిపిస్తాను, మెల్లగా.