పెద్దమ్మ చేతి కవ్వం

గుడియాత్తంలో మా పెద్దమ్మ ఈమధ్యే కన్నుమూసింది. ఆమె కోడలు, అంటే మా వదిన, ఫోన్ చేసి చెప్పింది. కాసేపు ఏడ్చి, "కర్మలయినాక కవ్వం యెవరు పట్టేది వదినా?" అని అడిగింది.

చావింట్లో ఇదేం ప్రశ్న అని మీకు అనిపించవచ్చు. కవ్వం ఒక్క చేతిదే అని పెద్దమ్మ నమ్మకం. చెయ్యి మారితే వెన్న అలుగుతుందట, ఆవు పాలు దాచుకుంటుందట. చిలికేటప్పుడు "వెన్న వచ్చిందా" అని అడగడమూ తప్పే. కొత్తల్లుడిగా వెళ్ళిన మా ఆయన ఒకసారి అడిగేశాడు. అల్లుణ్ణి తిట్టలేక ఆమె పిల్లిని తిట్టింది.

పొద్దుగూకాక మజ్జిగ గడప దాటనిచ్చేది కాదు. పగలు మాత్రం ఎవరు చెంబు తెచ్చినా, "తీసకపోండమ్మా, యెండ చంపతా ఉండాది" అని నిండా పోసేది.

వదిన వేలూరు పక్క తొరపాడి పిల్ల. కాపురానికి వచ్చి ఏళ్ళయినా కవ్వం తాడు ముట్టనే లేదు. "బీరువా బీగాలు ఇచ్చినారు, కవ్వం మట్టుకు ఇయ్యలా" అని నా దగ్గర వాపోయేది.

కిందటి వేసవిలో పెద్దమ్మకు భుజం పట్టేసింది. తాడు లాగొద్దని వేలూరులో డాక్టరు గట్టిగా చెప్పాడు. పెరుగేమో కుండలో పులుస్తోంది. నేను అక్కడే ఉన్నాను. పెద్దమ్మ కోడల్ని కవ్వం ముందు కూచోబెట్టి, తాను వెనక గోడకు ఆనుకుని కూచుని, ఆమె మణికట్ల మీద చేతులు వేసింది.

"నువ్వు లాగు. నా చేతులే అనుకుంటాదిలే."

ఏది అనుకుంటుందో చెప్పలేదు. వదిన నవ్వాపుకుంటూ లాగింది. వెన్న వచ్చింది.

ఆ తర్వాత అదే అలవాటయింది. నేను వెళ్ళినప్పుడల్లా పెద్దమ్మ పట్టు కాస్త సడలి కనిపించేది. చివరికి చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే వెనక కూచునేది. నమ్మకం వదులుకోకుండానే కోడలికి దారి ఇచ్చిన మనిషి. అందుకే ఆమె అంటే నాకు అంత ఇష్టం.

ఫోన్లో నేను అదే అన్నాను. "ఇన్ని నెలలూ చిలికింది నువ్వే కదా."

"ఎనక అత్త ఉన్నింది గదా వదినా."

కర్మలకు నేనూ వెళ్ళాను. అవి ముగిసిన మర్నాడు వదిన కవ్వం ముందు కూచుంది. వెనక గోడకు ఆనుకోకుండా, మధ్యలో ఒక మనిషి కూచునేంత చోటు వదిలింది. చాలాసేపు లాగింది. ఉండబట్టలేక, కుండలోకి తొంగి చూద్దామని నేను ఆమె వెనక్కి వెళ్ళి కూచోబోయాను.

"ఆడ వద్దు వదినా," అంది తల తిప్పకుండానే. "ఇట్ల పక్కకు రా."

పక్కకు జరిగాను. కుండలో వెన్న తేలుతోంది.