కొలతలకి వచ్చిన ఆవిడ

మా పక్కవాటా పిన్నిగారు పోయేరు. మంగళవారం పొద్దున్న పాలాయన ఎంత పిలిచినా తలుపు తియ్యలేదని నన్ను కేకేసేడు. వెళ్ళి కిటికీలోంచి చూస్తే, పడుకున్న మనిషి పడుకున్నట్టే ఉన్నారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు డాక్టరుగారు. కబురు చెప్పడానికి ఆవిడ తాలూకువాళ్ళ నంబరు ఒక్కటీ నా దగ్గర లేదు. వీధిలోవాళ్ళమే అన్నీ చేసేం.

పన్నెండేళ్ళ కిందట రాజోలు స్కూలుకి బదిలీ అయి, ఒక్కదాన్నే వచ్చి ఆవిడ పక్కవాటాలో దిగేను. ఆవిడా ఒక్కరే. జాకెట్లు కుట్టి బతికేవారు. పొద్దున్న రేడియో పెడితే పడుకునేదాకా తీసేవారు కాదు. ఏం వింటున్నారని అడిగితే, "ఏదీ వినట్లేదండి. ఇంట్లో మనిషి గొంతు వినబడాలి కదండీ" అనేవారు. ఓసారి నేను వండిన గిన్నెలోనే కలుపుకు తింటుంటే చూసి, "ఒక్కరమే కదా అని కంచం పెట్టుకోడం మానెయ్యకండి టీచరుగారూ" అన్నారు. ఆ మాట నన్ను చాలా రోజులు నిలబెట్టింది. ఆవిడ సొంతవాళ్ళ గురించి నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

మూడేళ్ళ కిందట, రాజోలు దగ్గరి దిండి ఊళ్ళో ఓ సినిమా షూటింగు పెట్టేరు. పేరున్న పాత రష్యన్ నవలని గోదావరి ఒడ్డు కథగా మార్చి తీస్తున్నారు. డైరెక్టరు ముప్పై దాటని అమ్మాయి. హీరోయిన్‌కి పాతకాలం జాకెట్లు కుట్టే మనిషి కావాలంటే ఎవరో పిన్నిగారి పేరు చెప్పేరు. "కథ తెలీకుండా ఎలా కుడతానండీ?" అని, ఆ నవల తెలుగులో నా దగ్గరుంటే చదివిపెట్టమన్నారు. రోజూ స్కూలు నుంచి వచ్చేక, ఆవిడ హుక్కులు కుడుతుంటే నేను చదివేదాన్ని. ఇల్లు విడిచి వెళ్ళిపోయిన తల్లి, కొడుకుని చూసుకోడానికి ఆ ఇంటికే చాటుగా వచ్చే చోట, "ఇవాళ్టికి చాలండి" అన్నారు. మర్నాడూ చదవమనలేదు. కళ్ళు లాగుతున్నాయేమో అనుకున్నాను.

ఆ సీను తీసింది ఓ ఆదివారం. నేనూ వెళ్ళేను. హీరోయిన్ పిల్లవాణ్ణి వాటేసుకుని బావురుమంది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టేరు. పిన్నిగారు తిన్నగా డైరెక్టరు దగ్గరికి వెళ్ళేరు.

"అలా ఏడవదండమ్మా."

"ఏమండీ?"

"ఏడిస్తే లోపలివాళ్ళు లేచి వస్తారు కదండీ. పంపించేస్తారు."

ఆ అమ్మాయి కుర్చీ తెప్పించి కూర్చోబెట్టింది. "మరేం చేస్తుందండీ?"

పిన్నిగారు కాసేపు చెంగు సర్దుకున్నారు. అప్పుడు చెప్పేరు, ఎవరిదో కథ చెప్పినట్టు. "మండపేటలో ఒకావిడండి. మొగుడి దెబ్బలకి ఉండలేక వచ్చేసింది. ఏడాదిన్నర పిల్లాణ్ణి వాళ్ళు ఇవ్వలేదు. వాడికి ఆరేళ్ళొచ్చేక, మధ్యాన్నం అందరూ పడుకున్న వేళ చూసుకుని వెళ్ళింది. వాడే తలుపు తీసి 'ఎవరండీ మీరు' అన్నాడు. అమ్మనంటే జడుసుకుంటాడేమో అనిపించి, 'చొక్కా కొలతలకి వచ్చేను బాబూ' అంది. టేపు తీసి భుజాలు కొలిచింది, ఛాతీ కొలిచింది, చెయ్యి పొడుగు కొలిచింది. మళ్ళీ మొదట్నించి కొలిచింది. ఎంతసేపని కొలుస్తుందండీ? వచ్చేసింది."

ఆ సాయంత్రమే డైరెక్టరు సీను మళ్ళీ తీసింది. మీలో ఎవరైనా ఆ సినిమా చూసి ఉంటే, ఆ సీను నవల్లోది కాదు. మా పిన్నిగారిది.

తిరిగి వస్తూ బస్సులో ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "ఆ చొక్కా కుట్టేరా పిన్నిగారూ?"

"కుట్టేనండి. పంపితే తిప్పి పంపేసేరు" అన్నారు. అంతే.

సినిమా అమలాపురంలో చూసేం. ఆఖర్న కృతజ్ఞతల్లో ఆవిడ పేరు, పక్కన రాజోలు అని పడింది. జనం లేచి వెళ్ళిపోతుంటే, "వాడు సినిమాలు చూస్తాడో చూడడో" అన్నారు, తనలో తను. ఆ తరవాత చాన్నాళ్ళు, వీధిలో ఆటో ఆగితే లోపల ఆవిడ మిషనూ ఆగేది.

ఆవిడ పోయిన పదకొండో రోజున ఒకాయన వచ్చేడు. నలభై ఏళ్ళుంటాయి. "బట్టలు కుట్టే ఆవిడిల్లు ఇదేనాండీ?" అని, తాళం చూసి, "ఊరెళ్ళేరా?" అన్నాడు.

చెప్పేను. ఏ మాటల్తో చెప్పేనో నాకే గుర్తులేదు.

అరుగు మీద కూలబడిపోయేడు. కువైట్‌లో పనిట. అక్కడ రూములో, ఫోనులో చూసేడుట సినిమా. "చిన్నప్పుడు ఒకావిడ వచ్చి నాకు కొలతలు తీసుకున్నారండి. కొలిచిందే మళ్ళీ కొలిచేరు. ఎవరికీ చెప్పొద్దంటే చెప్పలేదు. చొక్కా వస్తుందని మాత్రం చాలా రోజులు చూసేను. సినిమాలో అదే కనబడింది. ఆఖర్న చూస్తే మా అమ్మ పేరు."

"ఫోనన్నా చెయ్యలేకపోయేరా బాబూ?"

"ఏమని అడగనండీ ఫోనులో? మనిషినే చూసి అడుగుదామనుకున్నాను. సెలవు దొరకడానికి నెల పట్టింది."

మంచినీళ్ళు తెచ్చిచ్చేను. తరవాత, "ఇంట్లో ఆవిడ ఫొటో ఒక్కటీ ఉంచలేదండి మావాళ్ళు" అన్నాడు.

నా ఫోనులో ఒకటే ఉంది. దిండిలో భోజనాల దగ్గర తీసినది. పాతికమందిలో ఓ చివర, సగం పక్కకి తిరిగి ఉన్నారు పిన్నిగారు. చూపించేను. ఆయన ఫోను తీసుకుని రెండు వేళ్ళతో ఫొటో పెద్దది చేసేడు. మొహం ఫోను అద్దం నిండా వచ్చి మసకబారిపోయింది. చిన్నది చేసేడు. మళ్ళీ పెద్దది చేసేడు. అరుగు మీంచి ఎండ జారిపోయింది. ఫోను వెలుగు ఆరబోయినప్పుడల్లా వేలితో తాకి నిలబెడుతూ, ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు.