కొండ వైపు చూసిన మేష్టారు

మొన్న మా మనవరాలు, తనూ బళ్ళో పంతులమ్మే, పిల్లల్ని సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్ళబోతూ సెల్‌ఫోన్ చూసి, "తాతయ్యా, మూడింటికి ఆటు, తొమ్మిదింటికి పోటు" అంది. వేలితో ఒక్కసారి నొక్కితే తెలిసిపోయింది. నాకు ఆ సంగతి తెలియడానికి ఇరవై ముగ్గురు పిల్లలు వాగుకు అవతల చిక్కుకోవాల్సి వచ్చింది.

నేను పుట్టింది బొబ్బిలి దగ్గర పొలాల ఊళ్ళో. అక్షరాలు బళ్ళో వచ్చాయి గానీ, కళ్ళు తెరిచి చూడడం నేర్పింది మా తాత. పొద్దున్నే గట్ల మీద నడిపించి, పీత కన్నం ముందు తడిమట్టి చూపించేవాడు, ఏ పిట్ట ఎందుకు అరుస్తోందో చెప్పేవాడు. నాకు చద్దన్నం కన్నా ఆ నడకే ఎక్కువ ఇష్టం. ఆయన చెప్పిన వాటిలో నాకు బాగా వంటబట్టింది ఒకటే. గెడ్డ, అంటే మా వైపు వాగు, దాటే ముందు పడమటి కొండల వైపు చూడాలి. "కొండ మీద మబ్బు నేకపోతే గెడ్డ రాదురా" అనేవాడు, అంటే పొంగదని. మా ఊళ్ళో ఆ మాట ఎన్నడూ తప్పలేదు. పంతులుద్యోగం ఎందుకురా అని ఇంట్లో అడిగితే జీతం కోసమన్నాను. అసలు సంగతి, పిల్లల్ని వెంటేసుకుని అలా తిరగొచ్చని.

అరవైల చివర్లో భోగాపురం అవతల జాలర్ల ఊరి బడికి వేశారు. అక్కడి హెడ్మాస్టరు గారు పాఠమంటే బల్ల ముందు కూర్చుని వినేదే అనుకునే మనిషి. బతిమాలగా బతిమాలగా వారానికి ఒక మధ్యాహ్నం బయటికి వెళ్ళనిచ్చారు, ఏదైనా జరిగితే అదే ఆఖరని ముందే చెప్పి. నాకు కావాల్సింది ఆ ఒక్క మధ్యాహ్నమే.

అమావాస్య మర్నాడు భోజనాలయ్యాక గెడ్డ దగ్గరికి చేరాం. అది సముద్రంలో కలిసే చోటు, మోకాలి లోతు నీళ్ళు. అవతల ఇసకలో గవ్వలు, పిట్టల అడుగులు. నేను తాతలాగే నడుం మీద చేతులు పెట్టుకుని పడమటికి చూశాను. కొండల మీద మచ్చుకైనా మబ్బు లేదు. "పదండి" అన్నాను. ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె చెయ్యెత్తింది. "నీరు తిరుగుతాది మేష్టారూ, అటేపు ఎల్లొద్దు." మేష్టారికి ఎదురు చెప్పడం నాకు నచ్చలేదు. ఆ పిల్లను ఇసకలో కూర్చోమని గద్దించాను, తర్వాత అందరితోపాటు దాటించాను. మూడు గంటలు పాఠం అద్భుతంగా చెప్పాను, ఆ గొప్ప దక్కనివ్వండి. తిరిగొచ్చేసరికి గెడ్డ నిండుగా ఉంది, నీళ్ళు సముద్రం వైపు నుంచి కొండల వైపు పోతున్నాయి. దిగి చూస్తే నా రొమ్ము దాకా వచ్చాయి. ఒడ్డెక్కి మళ్ళీ కొండ వైపే చూశాను. పిల్లలు మాత్రం నన్ను జాలిగా చూసి, ఊరి వైపు తిరిగి కేకలు పెట్టారు.

వాళ్ళమ్మలు తెప్ప తోసుకొచ్చి నలుగురి చొప్పున దాటించారు. కూర్చోబెట్టిన పిల్ల తల్లి చేపల గంప నెత్తినే ఉంచుకుని అడిగింది. "ఏటి సూసి దాటీసినారు మేష్టారూ?" కొండ చూశానన్నాను. "కొండేటి సెప్తాది? ఈ గెడ్డకి నీరు సముద్రం ఇస్తాది. మా గుంట సెప్పనేదా?" అంది కూతుర్ని ముందుకు లాగి. చెప్పలేదంటే నా పరువు నిలిచేది. "చెప్పింది. నేనే కూర్చోమన్నాను" అన్నాను. ఆమె గంప సర్దుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. అది తిట్టు కన్నా ఘాటుగా తగిలింది.

మర్నాడు హెడ్మాస్టరు గారు ఇక బయటికి వెళ్ళనని కాగితం రాయమన్నారు. సగం రాశాను. అంతలో ఆమె వచ్చింది. నా మీద ఫిర్యాదు చేస్తుంది, బదిలీ ఖాయం అనుకున్నాను. "తీసుకెల్లనియ్యండి బాబూ, నేర్సుకుంటాడు. మా గుంటని ముందు నడవనియ్యమనండి" అంది. ఆయన నా చేతిలో కాగితం తీసుకుని చించేశారు.

ఆ పిల్ల ముందు నడిచింది. నీళ్ళలో పుల్ల గుచ్చి, తడి ఎంత పైకెక్కిందో చూసి, అప్పుడు దాటమనేది. నా ఉద్యోగమంతా ఏ ఊరు వెళ్ళినా ఆ ఊరి పిల్లల్నే ముందు అడిగాను. అది నా పద్ధతని తర్వాత కొందరు మెచ్చుకున్నారు. నేనూ కాదనలేదు, సిగ్గు లేకుండా.

మొన్న మనవరాలిని కూడా, "పిల్లల్లో ఆ ఊరి వాళ్ళున్నారా? ముందు వాళ్ళనడుగు" అన్నాను. నవ్వి ఫోను చూపించింది. ఆ ఫోను తప్పు చెప్పదని నాకూ తెలుసు. కానీ ఇన్నేళ్ళు గడిచినా, నీళ్ళ ఒడ్డున నిలబడితే నేనింకా ఆ పిల్లను కూర్చోమన్న కుర్ర పంతుల్నే.